అంచూ కొంగూ చూసి ఎంచిన కన్సర్టో

ఒక సాయంత్రం, నిండు సభలో, పదకొండు మంది వాద్యకారుల సహాయంతో, నాకు సంగీతం నేర్పిన మనిషికి నేను ద్రోహం చేశాను. చేసినందుకు నాకు శాలువా కప్పారు. పూలగుత్తి ఇచ్చారు. మా పిన్ని దిష్టి కూడా తీసింది. ఇంత ఘనంగా సన్మానం జరిగిన ద్రోహం మరొకటి మన బెజవాడలో ఉంటే నాకు తెలియజేయండి, వాళ్ళకి నమస్కారం పెట్టుకుంటాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. నవ్వు మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే మాత్రం నన్ను తిట్టకండి, నాకూ అక్కడే ఆగిపోతుంది.

మాది పామర్రు దగ్గర నేతపని వాళ్ళ కుటుంబం. తాతయ్య మగ్గం నేశారు. నాన్న మగ్గం దిగి విజయవాడ వచ్చి చేనేత చీరల కొట్టు పెట్టారు, పటమటలో ఇల్లు కట్టారు. ఇలాంటి ఇంటి పిల్లకి పియానో ఎలా అంటుకుందని అడుగుతారేమో. ఏడో తరగతి వేసవి సెలవుల్లో భవానీపురంలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. పక్కింట్లోంచి ఏదో వాద్యం వినబడింది. గోడెక్కి చూశాను. దిగమంటే దిగలేదు. దిగకుండా ఏడుస్తుంటే ఆ ఇంటాయనే బయటికొచ్చి, "గోడ మీద ఎందుకమ్మా, లోపలికొచ్చి విను" అన్నారు. ఆయనే విశ్వనాథం మాస్టారు, ఆ రోజునుంచీ నా గురువు.

మాస్టారు రైల్వే ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. భార్య పోయారు, పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నదల్లా ఎక్కడినుంచో కొనితెచ్చిన ఒక పాత పియానో, దాని పక్కన ఒక ప్లాస్టిక్ కీబోర్డు. వానాకాలం వస్తే కృష్ణ మీది తేమకి పియానోలో వేళ్ళతో నొక్కే మెట్లలో మూడు కిందికి దిగి మళ్ళీ పైకి లేచేవి కావు. వాటిని ఆయన వేలితో పైకి లాగుతూనే పాఠం చెప్పేవారు.

కన్సర్టో అంటే ఏమిటో తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పియానో ఒక పక్క, ఆర్కెస్ట్రా మొత్తం ఇంకో పక్క కలిసి వాయించే పెద్ద రచన అది. మామూలుగా మూడు భాగాలుంటాయి. మొదటిది హడావిడి, మధ్యది నెమ్మది, చివరిది పరుగు. బెజవాడలో మాకు ఆర్కెస్ట్రా ఎవరు తెచ్చిస్తారు? అందుకని శిష్యులం పియానో వాయిస్తే, మాస్టారు పక్కన కీబోర్డు ముందు కూర్చుని ఆర్కెస్ట్రా అంతా ఆయనే వాయించేవారు. "వయొలిన్లు నేనే, క్లారినెట్లు నేనే, వెనకాల డ్రమ్ములూ నేనే. నాకు జీతం మాత్రం ఒక్కరిదే" అని నవ్వేవారు.

నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఆ నవ్వు తగ్గింది. నేనప్పటికి బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రం మాస్టారి దగ్గరికి వెళ్తున్నాను. ఆయనకి కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవికి వినికిడి మిషన్ పెట్టారు. అది కూడా ఎక్కువ కాలం ఉండదని డాక్టరు చెప్పేశాడట. ఆ మాట ఆయన నాకు పాఠం మధ్యలో, మెట్టు పైకి లాగుతూ చెప్పారు.

"పద్మా, ముప్పై ఏళ్ళ నుంచీ ఆర్కెస్ట్రా నేనే వాయిస్తున్నానమ్మా. ఒక్కసారి కింద కూర్చుని వినాలని ఉంది. పెద్దదేం వద్దు. ఏదో ఒక కన్సర్టోలో ఆ నెమ్మదిగా ఉండే మధ్యభాగం, నిజం వయొలిన్లతో. చెవి ఉండగానే."

"ఓస్, అంతేనా మాస్టారూ! నేను పెట్టిస్తానండీ" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానంటే, ఆయనేదో కాఫీ అడిగినట్టు.

అన్నాక తప్పుతుందా? చర్చిలో గాయకబృందాన్ని నడిపించే సామ్యేలు గారిని పట్టుకుని, ఆర్కెస్ట్రాని నడిపించే బాధ్యత అప్పగించాను. ఆయనకి తెలిసిన వాళ్ళు, నాకు తెలిసిన వాళ్ళు, వాళ్ళకి తెలిసిన వాళ్ళు కలిసి పదకొండు మంది తేలారు. వయొలిన్లకి ఏడుగురు, వయొలిన్‌కి పెద్దక్కలా ఉండే చెల్లోలకి ఇద్దరు, క్లారినెట్లకి ఇద్దరు. ఇక మిగిలింది, ఏ కన్సర్టో వాయించాలో ఎంచుకోవడం.

మాస్టారు తన మాట చెప్పారు. "ఎ మేజర్ అనే శ్రుతిలో ఒక చిన్నది ఉంది. మన పదకొండు మందికి సరిగ్గా సరిపోతుంది. దాని మధ్యభాగం ఎంత బాగుంటుందో!" అని కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. చిన్నదట! నేను జన్మకొక్కసారి స్టేజీ ఎక్కుతుంటే చిన్నది వాయిస్తానా?

ఇక్కడ మా కొట్టులో ఒక పద్ధతి చెప్పాలి. చీర ఎంచలేక తికమకపడే కస్టమర్లకి నాన్న ఒకే మాట చెప్పేవారు. "అమ్మా, అంచు చూడండి, కొంగు చూడండి. చాలు. మధ్యలోదంతా కుచ్చిళ్ళలోకి పోయేదే, ఎవరికి కనపడుతుంది?" ఆ మాటతో ఎన్ని చీరలు అమ్ముడుపోయాయో. చిన్నప్పటినుంచీ గల్లాపెట్టె పక్కన కూర్చుని అదే వింటూ పెరిగాను. పాఠాల కంటే అదే బాగా ఒంటబట్టింది.

అదే పద్ధతిలో కన్సర్టో ఎంచాను. బ్యాంకులో లంచ్ టైములో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏడు కన్సర్టోలు తిరగేశాను. ఒక్కోదానికి మొదటి రెండు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు. అంచు, కొంగు. పెరుగన్నం డబ్బా ఖాళీ అయ్యేసరికి డి మైనర్‌లో ఒకటి తేల్చేశాను. మొదలే ఉరుము ఉరిమినట్టు ఉంది. ముగింపు వింటే కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. మధ్యలో ఏముందో నేను వినలేదు. ఎలాగూ నెమ్మదిదే కదా!

ఆదివారం మాస్టారికి చెప్పాను. ఆయన మొహంలో రంగు తగ్గింది.

"అది బరువైనదమ్మా. పదకొండు మంది మొయ్యలేరు."

"మోస్తారండీ. చివర చూడండి మాస్టారూ, జనం లేచి నిలబడిపోతారు!"

"మధ్యది విన్నావా?"

"విన్నానండీ."

"ఎలా ఉంది?"

"బాగుందండీ. నెమ్మదిగా ఉంది."

ఆయన చెవిలో మిషన్ సర్దుకుని నావైపు కాసేపు చూశారు. వినలేదని ఆయనకి తెలిసిందనే ఇప్పటికీ నా అనుమానం. "సరే. వాయించేది నువ్వు. నెమ్మదిగా ఉంటే నాకంతే చాలు" అన్నారు.

రిహార్సల్స్ పటమటలో ఒక స్కూలు గదిలో. ఏడుగురు వయొలిన్ వాళ్ళలో నలుగురు మన కర్ణాటక సంగీతం వాళ్ళు, కింద బాసింపట్టు వేసుకుంటే గానీ వాయించలేరు. కింద కూర్చుంటే సామ్యేలు గారికి వాళ్ళు కనపడరు. చివరికి రెండు బల్లలు జతచేసి దుప్పటి పరిచి నలుగురినీ దానిమీదికి ఎక్కించాం. క్లారినెట్ల వాళ్ళు పెళ్ళి బ్యాండు నుంచి వచ్చారు. మంచివాళ్ళు. కానీ వాళ్ళు ఊదితే కిటికీ అద్దాలు అదిరేవి.

"కొంచెం చిన్నగా ఊదండి బాబూ" అని సామ్యేలు గారు చేతులు జోడించేవారు.

"చిన్నగా మాకు అలవాటు లేదండీ. చిన్నగా ఊదితే పెళ్ళివారు ఊరుకోరు" అనేవాడు అందులో పెద్దాయన.

దొరికిందే ఐదు రిహార్సల్స్. నాలుగింటిలో మొదటి భాగం, చివరి భాగం తోమాం. "మధ్యది ఎప్పుడమ్మా?" అని సామ్యేలు గారు ప్రతిసారీ అడిగేవారు. "అది నెమ్మదే కదండీ, చూసి వాయించేద్దాం" అని నేను ప్రతిసారీ చెప్పేదాన్ని. ఐదో రిహార్సల్ రోజున మొదటిసారి ఆ పేజీలు తెరిచాను. రెండు పేజీలు నిజంగానే నెమ్మదిగా ఉన్నాయి. మూడో పేజీ తిప్పేసరికి ఉన్నట్టుండి తుఫాను మొదలైంది! నా రెండు చేతులూ ఒకదానిమీంచి ఒకటి దూకాలట. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ బోర్లా పడ్డాను. బల్లమీద కూర్చున్న నలుగురూ కమానులు దించేసి జాలిగా నావైపు చూశారు. మడత లోపల చిరుగున్న చీర నాకు నేనే అమ్ముకున్నానని అప్పుడర్థమైంది. పిన్నితో గానీ నాన్నతో గానీ ఒక్క మాట చెప్పలేదు. ఆ వారమంతా కూర్చుని సాధన చెయ్యొచ్చు కదా అంటారు. చెయ్యొచ్చు. నేను బ్లౌజులు కుట్టించుకోవడానికి తిరిగాను.

కచేరీ రోజు వచ్చింది. బెంజిసర్కిల్ దగ్గర హాలు. నాన్న స్నేహితుడు, వస్త్ర వ్యాపారుల సంఘం అధ్యక్షుడు ఇప్పించారు. కాబట్టి ముఖ్య అతిథి ఆయనే. ఆరున్నరకి మొదలవ్వాలి. ఎనిమిదిన్నరకి హాలు ఖాళీ చెయ్యాలి, తర్వాత ఎవరిదో నిశ్చితార్థం. అధ్యక్షుల వారు ఏడుంబావుకి వచ్చారు. దీపం వెలిగించేసరికి ఏడున్నర.

మొదటి వరసలో మధ్య కుర్చీలో విశ్వనాథం మాస్టారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, పంచె. మిషన్లో ఆ రోజే కొత్త బ్యాటరీ వేయించుకున్నారని పిన్ని చెప్పింది.

సామ్యేలు గారు చెయ్యెత్తారు. ఆర్కెస్ట్రా మొదలైంది. మీకు చెప్పలేదు కదూ, ఆ కన్సర్టోలో మొదటి రెండు నిమిషాలూ ఆర్కెస్ట్రాయే వాయిస్తుంది. పియానో మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. నేను కూర్చున్నాను. నాది అద్దెకి తెచ్చిన కరెంటు పియానో. నిమిషం గడిచింది. రెండో వరసలోంచి పిన్ని గొంతు హాలంతా వినబడింది.

"ఏమేవ్ పద్మా, వాయించవేం? దానికి కరెంటు పోయిందా ఏంటి?"

హాలంతా నవ్వు. నా చెవులు కాలిపోయాయి. ఆ కోపంలోనేనేమో, నా వంతు రాగానే మెట్ల మీద పడి విరగ్గొట్టాను. మొదటి భాగం బాగా వచ్చింది. ఆత్మస్తుతి కాదు, నిజంగానే వచ్చింది. ఆఖరి స్వరం ఆగగానే చప్పట్లు మోగిపోయాయి.

భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదని మనవాళ్ళకి ఎవరు చెప్పారు? చెప్పాల్సిన నేనే లేచి నిలబడి దణ్ణాలు పెట్టాను. అది చూసి అధ్యక్షుల వారు కచేరీ అయిపోయిందనుకున్నారు. ముఖ్య అతిథికి అయిపోయిందనిపించాక ఇక మన చేతిలో ఏముంటుంది? ఆయన స్టేజీ ఎక్కారు. వెనకే సంచీ పట్టుకుని నాన్న ఎక్కారు. సంచీలో శాలువాలు, మా కొట్టువే.

"నాన్నా, ఇంకా రెండు భాగాలున్నాయి" అని గుసగుసలాడాను.

"ఉండనీవే. పెద్దాయన ఇక్కణ్ణుంచి ఒక పెళ్ళికి వెళ్ళాలట. సన్మానం చేయించుకోకుండా పంపిస్తే బాగుంటుందా? ఐదు నిమిషాలు."

ఒక్క మాట గట్టిగా అంటే ఆగేది. అనలేదు. చప్పట్లు ఇంకా చెవుల్లో తియ్యగా ఉన్నాయి. ఆయన మైకు పట్టుకుని, చేనేత గురించి, అమ్మాయిల చదువు గురించి, ఆయన చిన్నప్పటి కష్టాల గురించి మాట్లాడారు. ఆ తర్వాత శాలువాలు. నాకొకటి, సామ్యేలు గారికొకటి, పదకొండు మందికి పదకొండు. బల్లమీది నలుగురూ కూర్చున్నచోటే కప్పించుకున్నారు. చివరికి మాస్టారిని పైకి పిలిచారు. శాలువా కప్పుతుంటే ఆయన నావైపు వంగి మెల్లిగా అడిగారు.

"మధ్యది ఉందిగా అమ్మా?"

"ఉందండీ. ఇప్పుడే" అన్నాను.

ఆయన సంతోషంగా మెట్లు దిగి వెళ్ళి కూర్చున్నారు. అధ్యక్షుల వారు పెళ్ళికి వెళ్ళిపోయారు. అప్పుడు హాలు మేనేజరు స్టేజీ పక్కకొచ్చి గడియారం చూపించాడు. ఎనిమిదీ ఇరవై. "పది నిమిషాలండీ. పూలవాళ్ళు బయట నిలబడ్డారు."

సామ్యేలు గారు నాదగ్గరికొచ్చారు. "రెండూ పట్టవమ్మా. ఒకటే పడుతుంది. మధ్యదా, చివరిదా?"

ఇదీ ఆ క్షణం. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు. సామ్యేలు గారు నిలబడి నా జవాబు కోసం చూస్తున్నారు. మొదటి వరసలో మాస్టారు తల కొంచెం పక్కకి వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఆ మూడో పేజీలో నా రెండు చేతులూ దూకలేవని నాకు తెలుసు. ఇంతమంది ముందు బోర్లా పడతానని తెలుసు. చివరిదైతే జనం లేచి నిలబడతారని కూడా తెలుసు.

"చివరిది" అన్నాను.

జనం లేచి నిలబడ్డారు. పిన్ని స్టేజీ మీదికే వచ్చి మెటికలు విరిచి దిష్టి తీసింది. పూలవాళ్ళు బుట్టలతో లోపలికొచ్చేస్తుంటే, నేను శాలువా జారిపోకుండా పట్టుకుని మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మిషన్ చెవిలోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకుంటున్నారు. నన్ను చూసి మళ్ళీ పెట్టుకున్నారు.

"వినపడిందా మాస్టారూ? మొదటిది ఎలా ఉందండీ?"

"మొదట్లో ఆ క్లారినెట్లు మిషన్లోకొచ్చి తల పగిలిపోయిందమ్మా. అందుకని ఆపేసుకుని కూర్చున్నాను. మధ్యదానికి వేసుకుందామని."

"వేసుకున్నారా?"

"వేసుకున్నాను. అందరూ చప్పట్లు ఆపగానే వేసుకున్నాను."

"అప్పుడేం వినబడిందండీ?"

"అధ్యక్షుల వారు మాట్లాడారు." ఆయన శాలువా తీసి మడతపెట్టారు. "బాగానే మాట్లాడారు. ఆయన ఆపాక మధ్యది వస్తుందనుకున్నా. నువ్వు చివరిది ఎత్తుకున్నావ్. మళ్ళీ క్లారినెట్లు. ఆపేశాను."

అంటే, పాఠకమహాశయులారా, ముప్పై ఏళ్ళు ఒక్కడే ఆర్కెస్ట్రా అంతా మోసిన మనిషి, ఒక్క సాయంత్రం కింద కూర్చుని వినాలనుకున్న మనిషి, కొత్త బ్యాటరీ వేసుకుని వచ్చి ఆ సాయంత్రం మొత్తమ్మీద విన్నది వస్త్ర వ్యాపారుల సంఘం అధ్యక్షుడి ఉపన్యాసం. మనస్ఫూర్తిగా, మొదటినుంచి చివరిదాకా విన్నారు. నవ్వొచ్చిందా? నాకూ ఎవరికైనా చెప్పేటప్పుడు వస్తుంది. ఒక్కదాన్నే ఉన్నప్పుడు రాదు.

మళ్ళీ పెడదామని సామ్యేలు గారికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో. ఒకాయన చెన్నై వెళ్ళిపోయాడు, ఒకామెకి పరీక్షలు, క్లారినెట్లకి పెళ్ళిళ్ళ సీజను. ఈలోగా వర్షాలు మొదలయ్యాయి. ఆ వర్షాల్లోనే మాస్టారి ఎడమచెవి కూడా పూర్తిగా పోయింది.

ఆ వార్త తెలిసిన రోజు కొట్టుకి వెళ్ళాను. నాన్న లోపల కూర్చుని, ఊరినుంచి నేతగాళ్ళు తెచ్చిన చీరలు చూస్తున్నారు. ప్రతి చీరా మడత విప్పి, మూర మూరా వెలుతురుకి పెట్టి చూసి పక్కన పెడుతున్నారు.

"అదేంటి నాన్నా? అంచూ కొంగూ చూస్తే చాలంటావుగా?"

నాన్న తలెత్తకుండా అన్నారు. "పిచ్చిదానా, అది అమ్మేటప్పుడు చెప్పే మాట. కొనేటప్పుడు మధ్యదే చూడాలి. పోగు తెగినా, మరక పడ్డా అక్కడే దాస్తారు."

ఇరవై ఏళ్ళు గల్లాపెట్టె పక్కన కూర్చున్నదాన్ని, ఒక్కరోజు లోపలి గదిలోకి తొంగిచూసినా బాగుపడేదాన్ని.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆ మధ్యభాగం ఒక్కటే సాధన చేశాను. తుఫానుతో సహా. ఒక ఆదివారం మధ్యాహ్నం భవానీపురం వెళ్ళి, కాగితం మీద "మధ్యది వాయిస్తాను మాస్టారూ" అని రాసి చూపించాను. ఆయన చదివి, లేచి, అలవాటుగా వెళ్ళి కీబోర్డు ముందు కూర్చున్నారు. స్విచ్ వేశారు. లైటు వెలగలేదు. పైకి చూస్తే ఫ్యాను కూడా తిరగట్లేదు.

"కరెంటు పోయింది" అన్నారు గట్టిగా. వినపడనప్పటినుంచీ ఆయన అన్నీ గట్టిగానే అంటున్నారు. "ఇది మోగదు. మోగినా మోగకపోయినా నాకొకటే అనుకో. నీకే ఇబ్బంది, ఆర్కెస్ట్రా లేకుండా వాయించుకోవాలి. సరే, కానివ్వు."

నేను పాత పియానో మీద వాయించాను. ఆయన పక్కన కూర్చుని, నా చేతులు చూస్తూ, వయొలిన్లూ చెల్లోలూ క్లారినెట్లూ అన్నీ వాయించారు. నాకు ప్లాస్టిక్ మెట్లు టకటకమనడం మాత్రం వినిపించింది. ఎక్కడా తాళం తప్పలేదు. తుఫాను దగ్గర నా చేతులు దూకాయి, పడలేదు. అయిపోయాక కళ్ళు తుడుచుకుని ఆయనవైపు తిరిగాను.

"రెండో పేజీలో నాలుగో వేలు వెయ్యాల్సిన చోట మూడోది వేశావ్" అన్నారు.

కాబట్టి, దుర్గమ్మ కొండవైపు తిరిగి, కుడిచెయ్యి గుండెలమీద పెట్టుకుని మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చీరైనా, కన్సర్టో అయినా మడత విప్పకుండా ఎంచను. శాలువాల సంచీ ఉన్న సభలో చప్పట్లకి లేచి నిలబడను. ఇక నా జీవితంలో ఎప్పుడైనా, ఎక్కడైనా, ఆర్కెస్ట్రా అంటూ దొరికితే ముందు మధ్యభాగమే వాయించేస్తాను. తర్వాత టైముంటే మిగతావి చూద్దాం. నాలుగో వేలితోనే వాయిస్తాను.